లారీ అనకూడని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో లారీ అనే మాట అనకూడదు. బూతు మాట అంటే మా అమ్మ మూతి మీద ఒక్కటి వేసి వదిలేసేది గానీ, లారీ అన్నామంటే ఇంటిల్లిపాదీ గుర్రపుశాల వైపు చూసి, ఆ తరవాత నా వైపు చూసేవాళ్ళు. రోడ్డు మీద పోయేది ఎంత పెద్దదైనా మాకు అది పెద్దబండే. పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాం గేటు దగ్గర పనిచేశాను. పొద్దస్తమానం నా కళ్ళ ముందు తిరిగేవి అవే. అక్కడ కూడా నేను పెద్దబండి అనే అన్నాను. తోటివాళ్ళు నవ్వితే నవ్వుకోనీ అనుకున్నాను. ఆ మాట నా నోట మూడుసార్లు వచ్చి ఒక ప్రాణం మీదికి తెచ్చింది. రెండు ప్రాణాలు అనాలేమో, ఒకటి నాదే కదా.

ఈ సంగతి నా కడుపులోనే ఉండిపోయేది. మొన్న నా మనవరాలు నన్ను కారులో ఎక్కించుకుని కౌలాలంపూర్ నుంచి ఇపోలో పెళ్ళికి తీసుకెళ్తూ, హైవే పక్కన బళ్ళు ఆపుకునే చోట ఆపింది. తే తారిక్, అంటే ఇక్కడి పాల టీ, తాగుతూ ఫోను నా ముందు పెట్టింది. స్వీడన్ దేశంలో పందెమట. గుర్రం వెనక రెండు చక్రాల చిన్న బండి, బండిలో మనిషి. ఆ దేశంలో ఒకప్పుడు అన్ని పందాలూ గెలిచిన గుర్రం గురించి చెబుతున్నారు. దాని పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాయట. నా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రావడమే కష్టం. 'అమ్మమ్మా, ఏటి అలగ సూస్తన్నావు' అంది. గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను.

ఇపో ఊరికి ఆనుకుని, సున్నపురాయి కొండల కింద, అప్పట్లో తగరం గనులుండేవి. ఒక గనిలో పెద్ద ఇంజనీరుగా స్వీడన్ దేశపు దొర ఉండేవాడు. మా తాతయ్య ఆ దొర గుర్రపుశాలలో గుర్రాలు చూసుకునే సాయిసు. తాతయ్య తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చిన మనిషి. తాతయ్యకి మాత్రం చెట్లు గీకే పని నచ్చక గుర్రాల దగ్గర చేరాడు. శాల వెనకే మాకు రెండు గదుల ఇల్లు.

దొరకి ఉన్నవి మూడు గుర్రాలు. అందులో గోధుమరంగు ఆడగుర్రం మీదే ఆయన ప్రాణమంతా. దాని తాత వాళ్ళ దేశంలో పేరుమోసిన పందెం గుర్రం. ఆ తాత గుర్రం పటం శాల గోడకి వేలాడుతూ ఉండేది. వాళ్ళ పందెంలో గుర్రం ఎంత వేగంగానైనా పోవచ్చు గానీ, దౌడు తీయకూడదు. కుడి ముందుకాలూ ఎడమ వెనక్కాలూ ఒకసారి, ఎడమ ముందుకాలూ కుడి వెనక్కాలూ ఒకసారి, అలా జతలుగానే పడాలి. తాతయ్య దానికి జోడడుగు అని పేరు పెట్టాడు. భయపడో కంగారుపడో అడుగు తప్పి దౌడు తీసిన గుర్రానికి ఇక ఆ పందెం దక్కదు. పటంలో ఉన్న పెద్దాయన మాత్రం చెవి పక్కన బాంబు పేలినా జోడడుగు తప్పలేదని దొర చెప్పేవాడు. కనబడిన వాళ్ళందరికీ చెప్పేవాడు. మాకు వినీ వినీ కంఠతా వచ్చేసింది.

మా మామ్మ ఆ పటం ఎవరిదో సరిగా తెలియకముందే దానికి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. గోడకి పటం ఉండి, రోజూ దాని ముందు ఒక తెల్లదొర నిలబడుతుంటే ఇంకేమనుకుంటుంది పాపం. ఒకరోజు దొర ఆ బొట్టు చూసి ఇదేమిటని అడిగాడు. తాతయ్య తల గోక్కుంటూ ఉన్న విషయం చెప్పాడు. ఆ మర్నాటి నుంచి దొర శాలలోకి వచ్చేముందు టోపీ తీసేవాడు.

నాకు ఆ గుర్రమంటే చచ్చేంత భయం. తొమ్మిదేళ్ళ పిల్లని, దాని మోకాలంత ఎత్తు ఉన్నట్టు అనిపించేది నాకు. అది ముక్కుతో బుస్సుమంటే నేను ఇంట్లోకి పరుగు. పైగా దానికి ఒక పిచ్చి ఉందని అందరూ అనుకునేవారు. బుద్ధిగా నడుస్తూ నడుస్తూ ఉండి రోడ్డు మీద ఉన్నట్టుండి పరుగందుకునేది. ఎందుకో ఎవరికీ తెలియదు. అప్పటికి రెండుసార్లు అలా అయింది. రెండోసారి బండి తగిలి, సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన కాలు విరిగింది. దొర మూడు రోజులు ఆస్పత్రి చుట్టూ తిరిగి వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే నా చేత్తో నేనే దీన్ని కాల్చేస్తాను అన్నాడు. ఆ సాయంత్రం తాతయ్య అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండానే లేచిపోయాడు.

తాతయ్య కంటే ముందు దాని దగ్గర ఒక మలాయి పెద్దాయన పనిచేసేవాడు. అందరూ పాచిక్ అని పిలిచేవారు, అంటే బాబాయి లాంటి పిలుపు. గుర్రానికి బండి అలవాటు చేసింది ఆయనే. తరవాత ఆయన సొంతూరు వెళ్ళిపోయాడు. దానికి ఏ మాటలు నేర్పాడో తాతయ్య ఎవరినీ అడగలేదు, తాతయ్యకి ఎవరూ చెప్పలేదు. తాతయ్య గుర్రాలతో తెలుగే మాట్లాడేవాడు. కదలాలంటే పద. ఆగాలంటే, బెదరకూడదంటే ఒల్లకో. ఊరుకో అనడానికి మావాళ్ళ మాట అది. నేను ఏడ్చినా నా వీపు నిమురుతూ ఒల్లకో అనేవాడు. మా మామ్మ కోప్పడినప్పుడు కూడా అదే అనేవాడు గానీ, గొంతు కాస్త తగ్గించి.

నా భయం పోగొట్టాలని తాతయ్యకి ఎప్పటినుంచో ఉంది. బడి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నన్ను ఎత్తి బండిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గని దారిలో పోనిచ్చాడు. అటూ ఇటూ పంపరపనస తోటలు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని తాతయ్య చొక్కా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒక కన్ను తెరిచాను. గుర్రం కాళ్ళు టకటకమని లెక్క ప్రకారం పడుతున్నాయి. ఇంతేనా అనిపించింది. అలా అనుకోకుండా ఉండాల్సింది.

మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక వెదురుబొంగు పడి ఉంది. తాతయ్య దిగాడు. పగ్గాలు నా చేతికిచ్చి, 'ఊరికే పట్టుకో గుంటా, లాగొద్దు' అన్నాడు. బొంగుని ఈడ్చుకుంటూ పక్క కాలవ దాకా వెళ్ళాడు. అప్పుడు ఎదురుగా దిబ్బ మీద నుంచి తగరం మట్టి నింపుకుని పెద్దబండి ఒకటి దిగుతోంది. రోడ్డంతా అదే ఉంది. తాతా లారీ అని అరిచాను.

గుర్రం ఒక్కసారిగా పరుగందుకుంది. నేను వెనక్కి పడ్డాను. పగ్గాలు చేతికి చుట్టుకుని ఉండటం వల్ల కింద పడిపోలేదు. లారీ అని మళ్ళీ అరిచాను, అది ఇంకా జోరందుకుంది. చెట్లు ఏవో ఆకుపచ్చగా పక్కనుంచి పోతున్నాయి. ఎదురుగా వచ్చేదాని ముందుభాగం, దాని ఇనప పళ్ళు, లోపల డ్రైవరు తెరిచిన నోరు, అన్నీ కనిపిస్తున్నాయి. మూడోసారి కూడా అదే మాట అరిచాను. నాకు వేరే మాటేదీ రాలేదు. చచ్చిపోతానని తెలిసింది. తొమ్మిదేళ్ళకే అంత స్పష్టంగా తెలుస్తుందని నేను చెబితే మా పిల్లలు నమ్మరు.

అప్పుడు వెనక నుంచి తాతయ్య గొంతు వినిపించింది. 'ఒల్లకో!' అన్నాడు.

రోజూ వినే మాట. నేను నోరు మూసుకున్నాను. మళ్ళీ అదే మాట వినిపించింది. గుర్రం చెవులు వెనక్కి తిరిగాయి, వేగం తగ్గింది, కాస్త పక్కకి జరిగింది. పెద్దబండి హారను కొడుతూ మమ్మల్ని రాసుకుని పోయింది. వేడి గాలీ ఎర్రమట్టీ నా మొహాన కొట్టాయి. మా బండి చక్రం ఒకటి కాలవలో దిగి ఆగిపోయింది. తాతయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకుని వచ్చాడు. ఒక చెయ్యి గుర్రం మెడ మీద, ఒక చెయ్యి నా తల మీద వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది. అంత దూరం పరిగెత్తాడు కదా, ఆయాసం అనుకున్నాను. నా అరచేతుల్లో తోలు లేచి రక్తం కారుతోంది. అది చూశాకే ఏడుపు వచ్చింది.

డ్రైవరు గనికి వెళ్ళి చెప్పేశాడు. దొర మర్నాడు పొద్దున్న వస్తాడని కబురు వచ్చింది. ఎందుకొస్తాడో మాకు చెప్పక్కర్లేదు. మామ్మ నా చేతులకి పసుపు పెట్టి గుడ్డ కట్టింది. నేను అరవకపోతే అది పరిగెత్తేది కాదని నాకు లోపల తెలుసు. ఎందుకో తెలియదు గానీ తెలుసు. దాన్ని చూస్తే ఎంత భయమో, దాన్ని నేనే చంపిస్తున్నానన్నది అంతకంటే పెద్ద భయమయింది. తాతయ్య నా పక్కన కూర్చుని, అప్పుడు నువ్వేటన్నావు గుంటా అని అడిగాడు. చెప్పాను. ఎన్నిసార్లన్నావు అన్నాడు. మూడు అన్నాను. తరవాత లేచి శాలలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. గుర్రం వెనక నిలబడి ఆ మాటే మెల్లగా అన్నాడు. ఇంకా చీకటి పడలేదు, దాని చెవులు నిక్కబొడుచుకోవడం నేను చూశాను. కాళ్ళు పరుగుకి సిద్ధంగా సర్దుకున్నాయి.

మలాయి భాషలో పరుగెత్తు అనడానికి లారీ అంటారు. రాసేటప్పుడు తేడా ఉందేమో గానీ చెవికి ఒక్కటే. పాచిక్ దానికి ఆ మాటే నేర్పాడు. దానికి పిచ్చీ లేదు, పాడూ లేదు. దారిన పోయే ఏ తమిళాయనో తెలుగాయనో అడుగో లారీ, తప్పుకోండి అన్నప్పుడల్లా, పాపం అది చెప్పిన పని చేసింది. ఈ దేశంలో నాలుగు భాషలు కలిపి మాట్లాడి అన్నం తినే మాకే ఆ సంగతి తట్టలేదు.

తాతయ్య నా దగ్గరికి వచ్చి, రేప్పొద్దున్న నువ్వు మళ్ళీ బండెక్కాల అన్నాడు. నేను మామ్మ చీరలో దూరాను. ఎక్కకపోతే ఏమవుతుందని చీరలోంచే అడిగాను. ఇంకెవరైనా అయితే ఏదో ఒక తియ్యటి అబద్ధం చెప్పేవారు. 'ఎక్కకపోతే దాన్ని సంపేస్తారు గుంటా. నాను నీకు అబద్దం సెప్పను' అన్నాడు తాతయ్య. ఆ తరవాత నా కట్టు కట్టిన చేతులు తన ఒళ్ళో పెట్టుకుని ఇంకో మాట చెప్పాడు. 'బయం వస్తే రానీ. నువ్వు దేనికి బయపడతన్నావో దాని పేరు అరవకు. అదేటి సెయ్యాలో ఆ మాట సెప్పు.'

నాకు జ్వరం వచ్చింది. పొద్దున్న లేచేసరికి తగ్గింది. ఎవరైనా తగ్గనందుకు ఏడుస్తారు, నేను తగ్గినందుకు ఏడ్చాను.

శాల ముందు చుట్టూ కంచె ఉన్న ఇసక మైదానం ఉండేది. తాతయ్య గుర్రానికి బండి కట్టి, నన్ను దాంట్లో కూర్చోబెట్టి, పగ్గాలు నా చేతిలో పెట్టి, తను నాలుగడుగులు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు కూర్చోబెట్టాడో నాకు చెప్పలేదు. దొర వచ్చాడు. చేతిలో పొడుగాటి తోలు సంచి ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. ఆయన మొహం రాత్రంతా నిద్రలేని మొహంలా ఉంది. నన్ను చూశాడు, బండిని చూశాడు, ఇదేమిటన్నట్టు తాతయ్యని చూశాడు. తాతయ్య తల వంచుకుని అలాగే నిలబడ్డాడు.

దొరకి తెలుగు రాదు, తాతయ్యకి ఆయన భాష రాదు. ఇద్దరికీ మధ్య ఉన్నది విరిగిన మలాయి ముక్కలే. నిన్న ఇది పారిపోయిందా అని దొర అడగాలి. మలాయిలో పరుగెత్తడానికైనా పారిపోవడానికైనా మాట ఒకటే. ఆయన ఆ మాటే అన్నాడు.

గుర్రం కదిలింది. కంచె మా మీదికి వస్తోంది. నోరు తెరిస్తే లోపల్నుంచి అదే అరుపు తన్నుకొస్తోంది. పళ్ళు బిగబట్టాను. ఒల్లకో అందామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మైదానం చుట్టూ ఒకసారి తిరిగాం. తాతయ్య ముందు నుంచి పోయాం, ఆయన వేలు కూడా కదపలేదు. ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఈ జన్మలో ఎవరి మీదా రాలేదు. ఆ కోపంతోనేమో మాట బయటికి వచ్చింది. ఒల్లకో అన్నాను. రెండోసారి కాస్త మెల్లగా, ఆయన అనేట్టు అన్నాను. అది నడకలోకి దిగింది. ఆగింది. ఆగి, ముక్కుతో బుస్సుమంది. నేను దిగి పారిపోలేదు.

తాతయ్య అప్పుడు వచ్చి గుర్రం కళ్ళెం పట్టుకుని, ఆ మాట రావలసిన చోటల్లా వేళ్ళతో పరుగు చూపిస్తూ నోరు తెరిచాడు. ఇది పారిపోలేదు తువాన్, మీరు పరిగెత్తమన్నారు, పరిగెత్తింది, ఈ పిల్ల ఆగమంది, ఆగింది అన్నాడు. దొరకి అర్థమవడానికి కాసేపు పట్టింది. కంచె దాటి మైదానంలోకి వచ్చి ఇసకలో పడిన డెక్కల గుర్తుల వెంట నడిచాడు. వంగి చూశాడు. చుట్టూ మొత్తం తిరిగి చూశాడు. జతలు జతలుగా, ఎక్కడా తప్పకుండా పడ్డాయి. అంత ఉలిక్కిపడి పరిగెత్తినా అది దౌడు తీయలేదు. నిన్న రోడ్డు మీద కూడా తీయలేదు, ఆ టకటక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. దొర శాలలోకి వెళ్ళి టోపీ తీసి ఆ పటం ముందు నిలబడ్డాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తోలు సంచి మూత కూడా తీయకుండా తీసుకెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచే మా ఇంట్లో ఆ మాట మీద కట్టుబాటు. దొర తిరిగి తన దేశం వెళ్ళిపోతూ పటం తాతయ్యకిచ్చాడు. గుర్రం తాతయ్య చేతి కిందే చాలా ఏళ్ళు బతికింది. దానికి ఒక పిల్ల పుట్టింది. ఆ పిల్లకి మాత్రం తాతయ్య మొదటి రోజు నుంచీ తెలుగే నేర్పాడు. అది కూడా జోడడుగే వేసేది, ఎవరూ నేర్పకుండానే. పెద్దయ్యాక నేనొకసారి తాతయ్యని అడిగాను, దొర ఆ మాటే అంటాడని నీకు ముందే తెలుసా అని. మలాయిలో ఇంకే మాటుంది గుంటా అని నవ్వాడు. కానీ అంతకంటే పెద్ద ప్రశ్న అడగడం మరిచిపోయాను. అడగాలని గుర్తొచ్చేసరికి ఆయన లేడు. ఆ రోడ్డు మీద ఒల్లకో అని అరిచాడు కదా, అది నన్నన్నాడా, గుర్రాన్నన్నాడా? అరుస్తున్నదాన్ని నేను, పరిగెడుతున్నది అది. ఇద్దరం విన్నాం, ఇద్దరం ఊరుకున్నాం.

ఇదంతా చెప్పేసరికి తే తారిక్ చల్లారిపోయింది. మళ్ళీ కారెక్కాం. నా మనవరాలు బండి బాగానే నడుపుతుంది గానీ కొత్త. ఇపో ఇంకో అరగంట ఉందనగా, కొండల మధ్య వంపులో, పక్క వరసలో పోతున్న పెద్దబండి ఒకటి సైగ కూడా లేకుండా మా మీదికి ఒరిగింది. దాని చక్రం పిల్ల పక్క కిటికీ అద్దం నిండా కనిపించింది. పిల్ల చేతులు బిగుసుకుపోయాయి. అరవై ఏళ్ళు నోట్లోనే పెట్టుకున్న మాట నాలిక చివరికి వచ్చింది. మింగేశాను. 'ఒల్లకో' అన్నాను. 'ఎడం పక్కకి రా. మెల్లిగా.' వచ్చింది. అది హారను కొట్టుకుంటూ ముందుకి పోయింది. పిల్ల రోడ్డు పక్కన ఖాళీ జాగాలో బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుంది.

కాసేపటికి తల ఎత్తి నా చెయ్యి చూసింది. ఆమె తల మీద నేనెప్పుడు చెయ్యి వేశానో నాకే తెలియదు. అది వణుకుతోంది. 'అమ్మమ్మా, ఒల్లకో అన్నావే, నన్నా అన్నది? నిన్ను నువ్వే అనుకున్నావు కదా' అంది.

అరవై ఏళ్ళుగా నన్నా, గుర్రాన్నా అనే ఆలోచిస్తున్నాను. ఆ రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తుతున్న మూడో ప్రాణి ఒకటి ఉందని ఒక్కసారి కూడా తోచలేదు. మా తాతయ్యకి భయం తెలియదనుకున్నాను. పిల్లతో అవునన్నాను. ఆ తరవాత ఇద్దరం ఇపో దాకా ఎడం వరసలోనే, మెల్లిగా, వేగం మార్చకుండా వెళ్ళాం.